హువా హిన్ గోల్ఫ్ ట్రిప్ రివ్యూ: హైదరాబాద్ నుంచి ఐదు రోజులకి ప్లాన్

నమస్తే అండి. మన హైదరాబాద్ గోల్ఫ్ కోర్సులు హెచ్‌జీఏలోనో బోల్డర్ హిల్స్‌లోనో ఆడేవాళ్లు నలుగురు కలిసి, ఒకసారి సముద్రం పక్కన ఆడొద్దాం అనుకుంటే ముందుగా అడిగేది "ఏ కోర్సు బాగుంటుంది?" అనే. థాయ్‌లాండ్‌లోని హువా హిన్ విషయంలో ఆ బెంగ అక్కర్లేదు, మంచి కోర్సులు చాలానే ఉన్నాయి. ట్రిప్ పాడయ్యేది తేదీల దగ్గర, బండి దగ్గర. అందుకే ముందు వాటి సంగతి చూద్దాం.

మనకి సెలవులు కలిసొచ్చేది దసరాకి. సరిగ్గా అప్పుడే అక్కడ వానలు. హువా హిన్‌లో అక్టోబర్‌లోనే గట్టిగా కురుస్తుంది, నవంబర్ మొదటి సగాన్ని కూడా నమ్మలేం. నేల నానితే బగ్గీని (కోర్సులో తిరిగే చిన్న బండిని) సిమెంట్ దారి దాటనివ్వరు. ప్రతి షాట్‌కీ దారి మీంచి బంతి దాకా నడవాలి. ఏ క్లబ్ (బంతి కొట్టే కర్ర) కావాలో తేలక మూడు పట్టుకెళ్తారు, రౌండ్ సాగుతూనే ఉంటుంది. సంక్రాంతి సెలవులైతే నిశ్చింత: వాన ఉండదు, పొద్దున చల్లగా ఉంటుంది. కాకపోతే చలి తప్పించుకోడానికి యూరప్ వాళ్లంతా వచ్చేది కూడా అప్పుడే. విమానం టికెట్ తీసిన రోజే టీ టైమ్ (కోర్సులో ఆట మొదలుపెట్టే సమయం) కూడా బుక్ చేసేయండి. మార్చి, ఏప్రిల్ ఎండలు మన ఎండల్లాంటివే, పైగా ఉక్క. ఏప్రిల్ 13 నుంచి 15 వరకు వాళ్ల కొత్త సంవత్సరం సాంగ్‌క్రాన్, రోడ్లు కదలవు. ఆ వారం వదిలేయండి.

ఇప్పుడు బండి. శంషాబాద్ నుంచి బ్యాంకాక్‌కి మూడున్నర గంటలు, అక్కడి నుంచి హువా హిన్‌కి రోడ్డు మీద దాదాపు 200 కిలోమీటర్లు, మూడు గంటలు పైనే. పట్టాయా ఇంతకన్నా దగ్గరే, నిజమే. కానీ ప్రశాంతమైన ఊరు కావాలనుకుంటే, ఇంట్లోవాళ్లు కూడా వస్తుంటే, నా ఓటు హువా హిన్‌కే. నలుగురు, నాలుగు గోల్ఫ్ బ్యాగులు అంటే మామూలు ట్యాక్సీలో పట్టవు. అక్కడి ట్యాక్సీల్లో చాలావాటికి డిక్కీలో గ్యాస్ సిలిండర్ ఉంటుంది, ఒక్క బ్యాగ్ కూడా దూరదు. పది సీట్ల వ్యాన్ ముందే మాట్లాడుకోండి, "నాలుగు గోల్ఫ్ బ్యాగులు" అని రాసి మరీ పంపండి. శుక్రవారం సాయంత్రం బ్యాంకాక్ ఊరంతా ఈ రోడ్డు మీదే ఉంటుంది. రాత్రి విమానం ఎక్కి తెల్లారి దిగితే ఆ గొడవ తప్పుతుంది. దిగిన రోజు ఆట పెట్టుకోవద్దు, నిద్రలేని నడుముతో స్వింగ్ చేస్తే మిగతా నాలుగు రోజులూ పోతాయి. ఇంకొకటి, విమానం దిగడానికి మూడు రోజుల ముందు నుంచి డిజిటల్ అరైవల్ కార్డ్ ఆన్‌లైన్‌లో నింపొచ్చు, అది తప్పనిసరి.

బ్యాగ్ సర్దడం దగ్గర చాలామంది పొరపాటు చేస్తారు. డ్రైవర్ అనే పొడుగు క్లబ్ షాఫ్ట్ (కాడ) ఎందుకు విరుగుతుంది? బ్యాగ్ తలకిందులుగా పడినప్పుడు అన్నిటికన్నా పొడుగున్న క్లబ్ మీదే దెబ్బంతా పడుతుంది, తల దగ్గర మెడ పుటుక్కుమంటుంది. డ్రైవర్ కన్నా రెండంగుళాలు ఎత్తుండే సపోర్ట్ రాడ్ ఒకటి బ్యాగ్‌లో నిలబెడితే ఆ దెబ్బ రాడ్ తింటుంది. లేదంటే డ్రైవర్ తల విప్పి, మేజోడులో చుట్టి పక్క జేబులో పెట్టండి. విప్పే రెంచ్‌ని చెక్-ఇన్ లగేజీలోనే పెట్టాలి. పవర్ బ్యాంక్, విడి లిథియం బ్యాటరీలు మాత్రం చేతి సంచిలో. బంతులు మరీ ఎక్కువ వద్దు, డజను బంతులే అర కిలో దాటతాయి.

ఐదు రోజులకి మూడు రౌండ్లు చాలు. నాలుగోది పెడితే ఉక్కకి చేతులెత్తేస్తాం. మొదటిది రాయల్ హువా హిన్. 1924 నాటిది, దేశంలోని పాత కోర్సుల్లో ఒకటి, రైల్వే స్టేషన్ పక్కనే ఉంటుంది. గీసింది ఒక స్కాట్లాండ్ రైల్వే ఇంజనీర్. కొత్త కోర్సుల నునుపు ఇక్కడ ఆశించొద్దు, కానీ ఆ పెద్ద చెట్ల కింద ఆడటంలో ఉన్న హాయి వేరు. అక్కడి గడ్డి అలవాటు కావడానికీ ఇదే సరైన చోటు. రెండోది బ్లాక్ మౌంటెన్, అంతర్జాతీయ టోర్నమెంట్లు జరిగిన కోర్సు. నీళ్లు చాలా చోట్ల అడ్డొస్తాయి, పంతానికి పోకుండా హోల్‌కి దగ్గరగా ఉండే ముందు టీల (మొదటి షాట్ కొట్టే చోట్ల) నుంచి ఆడండి. ఒక రోజు విశ్రాంతి ఇచ్చి మూడోది బన్యన్. ఒకప్పటి అనాస తోటల నేల, కొన్ని హోల్స్ నుంచి సముద్రం కనిపిస్తుంది. పక్క ఊరు చా-అమ్ వైపు బస చేస్తే బన్యన్ బదులు గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లస్ గీసిన స్ప్రింగ్‌ఫీల్డ్ పెట్టుకోవచ్చు.

దూరాల లెక్క కాస్త మారుతుంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది, హువా హిన్ సముద్రం పక్కనే కాబట్టి అక్కడ గాలి చిక్కన. ఇక్కడ 150 గజాలు పోయే బంతి అక్కడ మూడు గజాలు తక్కువ పోతుంది. సంక్రాంతి చలికి అలవాటుపడ్డవాళ్లకి అక్కడి వేడి ఆ తేడాని కొంత పూడుస్తుంది. అసలు లెక్క సముద్రపు గాలిది. పది దాటాక ఊపందుకుంటుంది, అందుకే టీ టైమ్ ఏడులోపే తీసుకోండి.

పుటింగ్‌లో, అంటే గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద బంతిని హోల్‌లోకి దొర్లించేటప్పుడు, కళ్లు తెరిచి చూడాల్సింది గడ్డి వాలు. బంతి వెనక నుంచి చూసినప్పుడు గ్రీన్ మెరుస్తుంటే గడ్డి అటే వాలి ఉన్నట్టు, బంతి జారిపోతుంది. మసగ్గా ఉంటే ఎదురు వాలు, గట్టిగా కొట్టాలి. నమ్మకం కుదరకపోతే హోల్ దగ్గరికెళ్లి వంగి అంచు చూడండి. ఒకవైపు కత్తితో కోసినట్టు ఉంటుంది, ఇంకోవైపు వేళ్లు తెగి పీచుపీచుగా, ఎండిన రంగులో ఉంటుంది. గడ్డి ఆ పీచు అంచు వైపే వాలి ఉంటుంది.

క్యాడీ (ఆటలో వెంట ఉండి సాయం చేసేవాళ్లు) తప్పనిసరి, మనిషికొకరు. ఎక్కువమంది ఆడవాళ్లే, ఆ గ్రీన్‌లు వాళ్లకి కంఠతా వచ్చు. మొదటి హోల్ దగ్గరే మీ సెవెన్ ఐరన్ క్లబ్‌తో బంతి ఎన్ని గజాలు పోతుందో చెప్పండి. పుటింగ్‌లో బంతి ఏ దారిన పోవాలో ఆవిడ చెప్తుంది, వేగం మాత్రం మీ చేతిలోనే ఉంది. బుక్ చేసేటప్పుడు గ్రీన్ ఫీజులో క్యాడీ ఫీజు, బగ్గీ కలిసి ఉన్నాయో లేదో అడగండి. టిప్ దానికి అదనం, మామూలుగా 300 నుంచి 500 బాత్‌లు, చివర్లో ఆవిడ చేతికే నోట్లుగా ఇవ్వాలి.

గ్లవ్స్ రౌండ్‌కి రెండు. ఆరేసి హోల్స్‌కి మార్చి, తీసినదాన్ని బగ్గీ స్తంభానికి తగిలించండి. జేబులో కుక్కితే ఆరదు, రేపటికి అట్ట కడుతుంది. సన్‌స్క్రీన్ ముంజేతులతో రాసుకోండి, అరచేతికి జిడ్డు అంటితే గ్రిప్ జారుతుంది.

శాకాహారులు "జే" అని అడగాలి. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలున్న కొట్టు వెతకండి. మామూలు కూరగాయల వేపుడులో కూడా చేపల సాస్ పోస్తారు.

తిరుగు విమానం రాత్రిదైతే ఆ పొద్దున కూడా ఆడొచ్చనిపిస్తుంది. ఆదివారం మాత్రం వద్దు. సాయంత్రానికి బ్యాంకాక్ వైపు రోడ్డంతా నిండిపోతుంది, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా వ్యాన్ కదలాల్సిందే.