వద్దన్న పాటే గెలిచింది: హ్యూమన్ లీగ్ ‘డేర్’

అందరికీ నమస్కారం. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది 1981 అక్టోబరులో ఇంగ్లండులో వచ్చిన ‘డేర్’ అనే ఆల్బమ్ గురించి. బ్యాండు పేరు హ్యూమన్ లీగ్. వాళ్లది ఉక్కు ఫ్యాక్టరీల ఊరు షెఫీల్డ్.

అంతకు ఏడాది ముందు ఆ బ్యాండు పని అయిపోయిందనే చాలామంది అనుకున్నారు. బాణీలు కట్టే మార్టిన్ వేర్, ఇయాన్ క్రెయిగ్ మార్ష్ వేరు కుంపటి పెట్టుకున్నారు. అదే తర్వాత ‘హెవెన్ 17’ అయింది. ఇక మిగిలిందెవరయ్యా అంటే, పాటలు పాడే ఫిలిప్ ఓకీ, కచేరీల్లో తెర మీద స్లైడ్లు వేసే ఏడ్రియన్ రైట్. ఓకీ ఒకప్పుడు ఆస్పత్రిలో పోర్టరు. పైగా ఒప్పుకున్న యూరప్ టూరు నెత్తిమీద ఉంది.

ఆ కంగారులో ఓకీ ‘క్రేజీ డైసీ’ అనే నైట్‌క్లబ్బుకి వెళ్లి, అక్కడ డాన్సు చేస్తున్న ఇద్దరు అమ్మాయిల్ని మాతో టూరుకి వస్తారా అని అడిగాడు. సూజన్ సలీకి 17 ఏళ్లు, జొయాన్ క్యాథరాల్‌కి 18. ఇద్దరూ ఇంకా చదువుకుంటున్నారు. వేదికెక్కి పాడిన అనుభవమే లేదు.

తర్వాత వాళ్ల రికార్డు కంపెనీ వర్జిన్, పాటల రికార్డింగు చూసే నిర్మాతగా మార్టిన్ రషెంట్‌ని తెచ్చింది. ఆయన స్టూడియోలో సింథసైజర్లని నడిపించే రోలాండ్ ఎంసీ-8 అనే పెట్టె ఉండేది. దాని మీద వాయించేదేమీ లేదు. ఏ స్వరం, ఎంతసేపు, ఎక్కడ తెగాలి అన్నీ అంకెల్లో మీటలు నొక్కి ఎక్కించాలి. పక్కనే లిన్ ఎల్ఎం-1 డ్రమ్ యంత్రం. అసలైన డ్రమ్ము దెబ్బల్ని చిప్పుల్లో దాచి, కావలసినచోట పలికిస్తుంది. మన ఆర్కెస్ట్రాల్లో రిథమ్ ప్యాడ్ చూసినవాళ్లకి ఇది వింతేం కాదు గానీ, అప్పట్లో చాలా కొత్త. గిటారు వాయించే జో కాలిస్ వచ్చి చేరితే అతనికీ సింథసైజరే ఇచ్చారు!

సింథ్-పాప్, అంటే సింథసైజర్లతో కట్టే పాప్ పాటలు, అనగానే అందరూ యంత్రాల దగ్గరే ఆగిపోతారు. ఈ ఆల్బమ్‌ని అమ్మిపెట్టింది గొంతులని నా లెక్క. ‘డోంట్ యూ వాంట్ మీ’ వినండి. నిన్ను పైకి తెచ్చింది నేనే, ఇప్పుడు నన్నే వదిలేస్తావా అని మగాడు దబాయిస్తాడు. రెండో చరణంలో ఆ అమ్మాయి అందుకుంటుంది: వెయిట్రెస్‌గా పనిచేసిన మాట నిజమే, కానీ నువ్వున్నా లేకపోయినా నేను పైకొచ్చేదాన్నే అని. సూజన్ ఆ చరణంలో గమకాలేవీ పోలేదు, ఎదురింటి పిల్ల జవాబు చెప్పినట్టే పాడేసింది. శిక్షణ ఉన్న గాయని పాడుంటే ఆ పొగరు వచ్చేది కాదు.

తమాషా ఏమిటంటే, ఓకీకి ఆ పాట నచ్చలేదు. ఆల్బమ్‌లో అన్నిటికన్నా చివర పెట్టించాడు. అప్పటికే ఆల్బమ్ నుంచి మూడు సింగిల్స్, అంటే విడిగా అమ్మే పాటలు, వచ్చాయి, నాలుగోది వద్దన్నాడు. వర్జిన్‌లో సైమన్ డ్రేపర్ పట్టుబట్టి విడుదల చేయించాడు. అది బ్రిటన్ అమ్మకాల పట్టికలో క్రిస్మస్‌తో కలిపి ఐదు వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. ఆ ఏడాది అక్కడ అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన సింగిల్ అదే. ఆల్బమ్ కూడా మొదటి స్థానం చూసింది. అమెరికాలో అప్పుడే పుట్టిన పాటల టీవీ ఛానెల్ ఎంటీవీ ఆ పాట వీడియోని తెగ తిప్పింది. 1982 జూలైలో అక్కడి పాటల ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ పట్టికలోనూ మూడు వారాలు అదే మొదటిది.

ఆ వేగం నిలవలేదనుకోండి. తర్వాతి ఆల్బమ్ ‘హిస్టీరియా’ 1984 దాకా రాలేదు. దాని రికార్డింగు మధ్యలోనే రషెంట్ బయటికి వెళ్లిపోయాడు.