ఫ్రిజ్ మీద అంటించిన కాగితం

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, పొద్దుటి నుంచి ఉగాది పచ్చడి కలుపుతూ నిలబడ్డ అమ్మలకు, పిల్లలకు అందరికీ శుభాకాంక్షలు. డాలస్‌కు కొత్తగా వచ్చిన విద్యార్థులకు నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. బ్యాంకు ఖాతా, క్రెడిట్ స్కోరు, అపార్ట్‌మెంట్ లీజు గురించి రాసుకొచ్చాను. అది జేబులోనే ఉంచేస్తున్నాను. వెనక వరసల్లో ఇంతమంది పిల్లల్ని చూశాక, ఇంకో సంగతి చెప్పకుండా దిగలేను.

మా బావమరిది కొడుకు ఇక్కడే ఎం.ఎస్. చదివాడు. ఒక శుక్రవారం రాత్రి స్నేహితుడి పుట్టినరోజుకు వెళ్ళి, తాగి, కారు తీశాడు. తెల్లవారుజామున నాలుగింటికి నాకు ఫోను. "మామయ్యా, నేను జైల్లో ఉన్నాను. నాన్నకు చెప్పకండి."

వాడు చేసింది తప్పు. ఎదురుగా వచ్చే కారులో మీ అమ్మాయో మా అమ్మాయో ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. తప్పుకు శిక్ష పడాల్సిందే. కానీ తెలియనితనానికి కూడా కలిపి పడింది. అందులో నా వాటా ఉంది. అందుకే నిలబడ్డాను.

బెయిలు బాండ్ కట్టి బయటికి తెచ్చాను. వాడి చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. అందులో ఫోను, బెల్టు, షూ లేసులు, మడతపెట్టిన ఒక కాగితం. లైసెన్సు పోలీసులే ఉంచుకున్నారు. ఆ కాగితం పోకూడదని వెంకన్న బొమ్మ ఉన్న మ్యాగ్నెట్‌తో ఫ్రిజ్ మీద అంటించాను. రోజూ పాలకోసం ఫ్రిజ్ తీస్తాను, రోజూ చూస్తాను. ఒక్కరోజూ చదవలేదు. పంతొమ్మిదో రోజున మా ఆవిడ చదివి, "ఏమండీ, ఇందులో పదిహేను రోజులు అని రాసుంది, చూశారా?" అంది.

టెక్సాస్‌లో బ్రీత్ టెస్ట్‌లో మద్యం మోతాదు 0.08గానీ అంతకు మించిగానీ వచ్చినా, టెస్టే వద్దన్నా పోలీసులు చేతిలో పెట్టే నోటీసు అది. అందిన 15 రోజుల్లోగా లైసెన్సు విషయంలో విచారణ కావాలని అడగాలి. అడగకపోతే నలభై రోజులకు లైసెన్సు దానంతటదే సస్పెండ్ అవుతుంది. టెస్ట్‌లో ఫెయిలైతే మొదటిసారి 90 రోజులు, టెస్టే వద్దంటే 180 రోజులు. ఇది క్రిమినల్ కేసు కాదు, దాని పక్కన నడిచే ఇంకో కేసు. ఆ విచారణలో మన లాయరు పోలీసును ప్రమాణం మీద ప్రశ్నలడగొచ్చు. కారు ఎందుకు ఆపావు, టెస్ట్ ఎలా చేశావు అని. అసలు కేసుకు అక్కడే సరుకు దొరుకుతుంది. పాలు తీసుకుంటూ నేను పోగొట్టింది దాన్ని.

మరి లాయరు? వాట్సాప్ గ్రూపులో అడిగాను. "మా స్పీడింగ్ టికెట్ కొట్టేయించాడు, ఫీజు తక్కువ" అని ఒకరు నంబరిచ్చారు. వెళ్ళాం. పది నిమిషాల్లో తేలిపోయింది. "మొదటిసారే కదా, డిఫర్డ్ ఇప్పిస్తా, కన్విక్షన్ పడదు" అన్నాడాయన. కన్విక్షన్ అంటే దోషి అని కోర్టు ఇచ్చే తీర్పు. డిఫర్డ్ అంటే నేరం ఒప్పుకుని కోర్టు షరతులు పాటిస్తే ఆ తీర్పు రాయకుండా ఆపడం. ఆయన మాట అబద్ధం కాదు. మొదటి డీడబ్ల్యూఐకి, అంటే తాగి బండి నడిపిన కేసుకు, రీడింగ్ 0.15 లోపు ఉంటే, 2019 సెప్టెంబరు నుంచి టెక్సాస్‌లో డిఫర్డ్ అడ్జుడికేషన్ ఇవ్వొచ్చు. లేకపోతే 72 గంటల నుంచి 180 రోజుల దాకా జైలు, 2,000 డాలర్ల దాకా జరిమానా ఉన్న నేరం. ఇంకేం కావాలనుకున్నాం. సంతకం పెట్టించాను.

పిల్లలూ, ఇది వినండి. ఫోన్లు పక్కన పెట్టి వినండి. నేరం ఒప్పుకుని కోర్టు షరతులకు లోబడితే, టెక్సాస్ దాన్ని కన్విక్షన్ అనకపోయినా ఇమిగ్రేషన్ చట్టం అంటుంది. రెండు చట్టాలు, రెండు అర్థాలు. మామూలు డీడబ్ల్యూఐ ఒక్కటే ఉంటే అదొక్కటే సాధారణంగా దేశం నుంచి పంపించడానికి కారణం కాదు. కానీ తర్వాత నింపే ప్రతి వీసా ఫారంలో అది చెప్పాలి. క్లయింటు ఒప్పుకోలు వల్ల ఇమిగ్రేషన్‌కు ఏమవుతుందో చెప్పడం లాయరు బాధ్యతేనని అమెరికా సుప్రీంకోర్టు 2010లో, పడిల్లా కేసులో తేల్చింది. మా లాయరు చెప్పలేదు. అడగాలని నాకు తోచలేదు.

ఈలోగా కాన్సులేట్ నుంచి ఈమెయిల్ వచ్చింది, వీసా రద్దని. దీనికి లాయర్ని తప్పుపట్టను. అరెస్టు ఒక్కటే చాలు, కేసు తేలక్కర్లేదు. వాణ్ని ఇక్కడ చదువుకోనిచ్చారు, కానీ దేశం దాటితే కొత్త వీసాకు మెడికల్ పరీక్ష దగ్గర నుంచి మళ్ళీ మొదలు. ఇస్తారో ఇవ్వరో.

ఆ వేసవిలో వాడి చెల్లెలి పెళ్ళి. వెళ్ళలేదు. ఇక్కడ రాత్రి పదిన్నరకు పట్టుపంచె కట్టుకుని మా సోఫాలో కూర్చుని వీడియోలో చూశాడు. లాజహోమానికి పెళ్ళికూతురి దోసిట్లో పేలాలు పోయాల్సిన అన్న. పంతులుగారు "అన్న ఎవరు, రావాలి" అని పిలిచారు. ఫోను స్పీకర్లో ఆ పిలుపు మా హాల్లోకి వినిపించింది. పిన్ని కొడుకు లేచి వెళ్ళాడు. వీడు ఫోను కింద పెట్టలేదు, ఏమీ మాట్లాడలేదు.

క్షమించండి. టైమైందని అధ్యక్షులవారు చూస్తున్నారు, రెండు నిమిషాలు.

మొదట ఆ కాగితం చదవండి. తారీఖు రాసుకోండి. పోలీసుకు పేరు, లైసెన్సు, ఇన్సూరెన్సు మర్యాదగా ఇవ్వండి. ఆపైన "లాయరు కావాలి" అనండి చాలు. మావాడు నిజం చెబితే వదిలేస్తారనుకుని "సర్, రెండే బీర్లు" అన్నాడు. అది కెమెరాలో ఉంది. జైలు ఫోన్లూ రికార్డవుతాయి, తెలుగులో మాట్లాడినా సరే. లాయర్ని అడగండి: ఈ కౌంటీలో డీడబ్ల్యూఐ కేసులు మీరే వాదిస్తారా, జూనియర్ని పంపుతారా? ఈ ఫీజులో లైసెన్సు విచారణ ఉందా, ట్రయల్ ఉందా? రాతపూర్వకంగా తీసుకోండి. కేసు కొట్టేయిస్తానని గ్యారంటీ ఇచ్చేవాడి దగ్గర లేచి వచ్చేయండి. ఏ కాగితం మీదా సంతకం పెట్టే ముందు ఇమిగ్రేషన్ లాయరుకు చూపించండి. డబ్బు లేకపోతే క్రిమినల్ కేసుకు కోర్టునే లాయర్ని అడగొచ్చు, పౌరసత్వంతో పనిలేదు.

నేను భోజనాల దగ్గర చివరిదాకా ఉంటాను. నా నంబరు తీసుకోండి. అసలు తాగిన రాత్రి కారు తీసే ముందే చేయండి, నేనొచ్చి దింపుతాను. అది కుదరక నాలుగింటికి చేయాల్సొచ్చినా చేయండి. కాగితం చదువుతాను. మీ నాన్నకు నేను చెబుతాను.