గోడ మీది క్యాలెండరు నేర్పే డిజైన్

శ్రోతలకు నమస్కారం. గ్రాఫిక్ డిజైన్ నేర్చుకోవాలంటే ఏ కోర్సులో చేరాలని మన తిరుపతి, చిత్తూరు ప్రాంతాల పిల్లలు, వారికంటే ఎక్కువగా వారి తల్లిదండ్రులు, తరచుగా అడుగుతూ ఉంటారు. కోర్సులను నేను కాదనను. ఫోటోషాప్, కోరల్‌డ్రా వంటి సాఫ్ట్‌వేర్ల వాడకం శ్రద్ధ ఉంటే కొన్ని నెలల్లోనే చేతికి పట్టుబడుతుంది. కానీ ఏ అక్షరం ఎంత పెద్దదిగా ఉండాలో, ఎక్కడ ఖాళీ వదలాలో తెలియాలంటే మాత్రం, ఇతరులు చేసిన మంచి పనిని విప్పి చూడాలి, ఆపైన ఒక ప్రెస్సులో కూర్చుని పని చేయాలి.

విప్పి చూడడమంటే ఏమిటో చెప్పడానికి మీ ఇంటి గోడకు వేలాడే తెలుగు క్యాలెండరు చాలు. వీలైతే ఇప్పుడే దాని ముందు నిలబడి ఈ మాటలు వినండి.

ఒక్క తేదీ గడిని చూడండి. అగ్గిపెట్టెంత జాగాలో ఒక పెద్ద అంకె, దాని చుట్టూ తిథి, నక్షత్రం, వర్జ్యం, వాటి గంటలూ నిమిషాలూ, ఒక్కొక్కచోట పండుగ పేరు కూడా ఉంటాయి. అయినా అది మనకు గందరగోళంగా తోచదు. అంకె గది అవతలి నుంచి కనిపించాలి. తిథి దగ్గరకు వచ్చి చూసేవారికి కనిపిస్తే సరిపోతుంది. రెండు దూరాలను దృష్టిలో పెట్టుకుని రెండు పరిమాణాలు నిర్ణయించారు. ఇక రాహుకాలం ఎక్కడ ఉందో వెతకండి. అది సాధారణంగా ప్రతి గడిలోనూ ఉండదు. వారం పేరు పక్కనో, అడుగున చిన్న పట్టికలోనో ఒక్కసారే ఉంటుంది. ఆదివారం రాహుకాలం సాయంత్రం 4.30 నుంచి 6 వరకు, సోమవారం ఉదయం 7.30 నుంచి 9 వరకు అని వారాన్ని బట్టి వేస్తారు కనుక దాన్ని ముప్పైసార్లు అచ్చువేయనక్కరలేదు. వర్జ్యం నక్షత్రాన్ని బట్టి రోజూ మారుతుంది కనుక అది గడిలోనే ఉండి తీరాలి. మారేది గడిలోకి, మారనిది గడి బయటకు. మళ్లీ చెబుతున్నాను: మారేది గడిలోకి, మారనిది గడి బయటకు. ఈ నిర్ణయం తీసుకున్న మనిషెవరో మనకు తెలియదు గాని, నా దృష్టిలో అతడు గొప్ప డిజైనరు.

ఇప్పుడు 2026 ఆగస్టు నెల తీయండి. ఒకటో తేదీ శనివారం వచ్చింది. వారాల పేర్లు ఎడమ పక్కన పైనుంచి కిందికి ఉండే క్యాలెండరులో మొదటి నిలువు వరుస అడుగున ఒకటి పడుతుంది, చివరి రెండు తేదీలకు అయిదు వరుసల్లో చోటు చాలదు. అందువల్ల 30, 31 తేదీలను మొదటి వరుసలోనే, ఒకటో తేదీకి పైన ఖాళీగా ఉన్న ఆదివారం, సోమవారం గడుల్లోకి ఎక్కించే పద్ధతి ఉంది. పిల్లలకు ఇది వింతగా అనిపిస్తుంది. ఆరో వరుస వేస్తే ప్రతి గడీ తన వెడల్పులో ఆరో వంతు కోల్పోతుంది, అప్పుడు ఉత్తరాభాద్ర అనే పేరు గడిలో పట్టదు. కొలత తీసుకోవలసింది ఎప్పుడూ అతి పొడవైన పేరుతోనే.

అదే విధంగా జ్యేష్ఠ అనే పేరు చూడండి. రెండక్షరాలకూ కింద వత్తులున్నాయి. అక్షరాల సైజునూ, వరుసల మధ్య దూరాన్నీ పాయింట్లలో కొలుస్తారు. చాలా సాఫ్ట్‌వేర్లు 12 పాయింట్ల అక్షరానికి 14.4 పాయింట్ల చొప్పున వరుసల దూరాన్ని తమంతట తామే పెడతాయి. ఇంగ్లీషుకు అది చాలు. తెలుగులో పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకుతుంది. ఊళ్లోని ఫ్లెక్సీ బోర్డుల్లో సగం చికాకు ఇక్కడి నుంచే వస్తుందని నా అనుమానం. అన్నట్టు, మన శ్రీకాళహస్తి కవి ధూర్జటి పేరుతో ఉన్న తెలుగు ఫాంట్ ఉచితంగానే దొరుకుతుంది. దానితో ఈ దూరాలను మార్చి మార్చి చూడవచ్చు.

చూపుతో మాత్రమే తేలని సంగతులు కొన్ని ఉన్నాయి. ఆదివారం అంకెను ఎర్రగా వేసి, దాని కింది సన్నని అక్షరాలను నలుపులోనే ఉంచిన క్యాలెండరు మీ దగ్గర ఉంటే, కారణం ప్రెస్సులో తెలుస్తుంది. ఒక్కో రంగును ఒక్కో ప్లేటుతో అచ్చువేసే నాలుగు రంగుల ఆఫ్‌సెట్ ముద్రణలో ఎరుపు రావాలంటే మెజెంటా అనే ముదురు గులాబీ రంగు, పసుపు ప్లేట్ల అచ్చులు ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చోవాలి. వెంట్రుకవాసి జరిగినా పెద్ద అంకెకు ఏమీ కాదు గాని, చిన్న అక్షరం రెండుగా కనిపిస్తుంది. నలుపు ఒక్క ప్లేటుతోనే పడుతుంది. మెషిన్ మీద నుంచి అప్పుడే దిగిన కాగితాన్ని భూతద్దంతో చూసినవారికి ఈ పాఠం వేరే చెప్పనక్కరలేదు.

దసరా దాటితే క్యాలెండరు పనితో ప్రెస్సులవారికి చేతులు ఖాళీ ఉండవు. చేరదలచినవారికి అదే అదను. వెళ్లే ముందు ఒక్క పని చేయండి. పాత క్యాలెండరులోని ఒక నెలను స్కేలుతో కొలిచి, అక్షరాలు లేకుండా గడులు మాత్రమే పెన్సిలుతో గీయండి. తరువాత అదే నెలను కంప్యూటరులో మీరే కూర్చి, అసలు సైజులో ప్రింటు తీసి గోడకు తగిలించండి. ఇంట్లో పెద్దవారిని పిలిచి, ఈ రోజు వర్జ్యం ఎప్పుడో చదవమని అడగండి. వారు కళ్లజోడు కోసం లేచారంటే అక్షరం ఒక పాయింటు పెంచి, మళ్లీ ప్రింటు తీయండి.