కండకి తొందర, టెండన్‌కి తీరిక

హోస్ట్: నమస్కారం. రేకుల షెడ్డు, పైన వాన. చప్పుడు వినిపిస్తే సర్దుకోండి. విజయనగరంలో ఒక ఫిజియో క్లినిక్‌లో కూర్చున్నాం. అన్నయ్య ఒకప్పుడు వెయిట్‌లిఫ్టర్ కూడా.

ఫిజియో: జిల్లా పోటీలు దాటలేదు తమ్ముడూ, అంత బిల్డప్ వద్దు.

హోస్ట్: సరే. ఇవాళ మాట్లాడేది టెండన్ తెగడం గురించి. మొన్న ఫోన్లో ఒక కుర్రాడి సంగతి చెప్పారు కదా, అక్కడి నుంచి మొదలెడదాం.

ఫిజియో: ఇరవై నాలుగేళ్లుంటాయి. చేతికి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. విప్పితే మోచేయి లోపలి పక్కంతా నేరేడుపండు రంగు. బైసెప్, అంటే జబ్బ కండ, భుజం వైపు ముద్దలా పైకి ఎక్కిపోయింది. నేల మీది బరువు లేపే డెడ్‌లిఫ్ట్‌లో ఒక అరచెయ్యి ముందుకి, ఇంకోటి వెనక్కి పెట్టి పట్టుకున్నాడు. ముందుకి తిరిగిన చెయ్యి టప్ మంది. 'బెల్టు తెగిందనుకున్నానండి' అన్నాడు.

హోస్ట్: అమ్మో!

ఫిజియో: మోచెయ్యి వంచి, అరచెయ్యి పైకి పెట్టించి, మడత దగ్గర బయటి పక్క నుంచి నా వేలు కొక్కెంలా దూర్చి చూశాను. అక్కడ గట్టి తాడు, అంటే టెండన్, తగలాలి. ఏమీ తగల్లేదు. వెంటనే ఆర్థోపెడిక్ సర్జన్ దగ్గరికి పంపాను. ఇలాంటిది మొదటి రెండు మూడు వారాల్లో కుట్టేస్తే సులువు. ఆలస్యమైతే టెండన్ వెనక్కి పోయి కుంచించుకుపోతుంది.

హోస్ట్: మన వైపు దీన్ని 'నరం తెగింది' అంటారు.

ఫిజియో: అంటారు కానీ నరం వేరు. ఇది కండని ఎముకకి కట్టే తాడు. నెల్లిమర్ల జ్యూట్ మిల్లు పక్కన పెరిగినవాళ్లకి సులువుగా చెప్పొచ్చు. గోగునార పోగులు పేనితే తాడైనట్టు, కొలాజెన్ అనే ప్రొటీన్ పోగులు చేరి టెండన్ అవుతుంది. కండకి రక్తం దండిగా అందుతుంది, దీనికి చాలా తక్కువ. అందుకే కండ రెండు మూడు నెలల్లో కళ్ల ముందే పెరుగుతుంది, ఇది మాత్రం నింపాదిగా గట్టిపడుతుంది.

హోస్ట్: ఆ కుర్రాడు సైకిల్ కొట్టాడా, అంటే కండల కోసం స్టెరాయిడ్ల కోర్సు వాడాడా?

ఫిజియో: మొదట లేదన్నాడు. వాళ్ల నాన్న టీ తాగడానికి బయటికి వెళ్లాక చెప్పాడు. టెస్టోస్టెరోన్ ఇంజెక్షన్లు. బెంచ్, డెడ్‌లిఫ్ట్ బరువులు వారం వారం పెంచేశాడట. కండకి మందు పడింది, తాడు పాతదే. జంతువుల మీద చేసిన పరీక్షల్లో ఈ మందులతో టెండన్ బిరుసెక్కి, కాస్త సాగగానే తెగడం చూశారు. ఎండలో ఎండిన మోకులా అన్నమాట. మనుషుల్లో అది అంత స్పష్టంగా తేలలేదు.

హోస్ట్: మనుషుల లెక్కలే లేవా?

ఫిజియో: ఉన్నాయి. 2015లో అమెరికాలో అచ్చైన ఒక అధ్యయనంలో 142 మంది అనుభవమున్న బాడీబిల్డర్లని అడిగారు. అందరూ 35 నుంచి 55 ఏళ్లవాళ్లు. స్టెరాయిడ్లు వాడిన 88 మందిలో 19 మందికి ఎప్పుడో ఒకప్పుడు టెండన్ తెగింది. వాడని 54 మందిలో ముగ్గురికే. భుజాలూ చేతుల్లాంటి పై భాగంలో తెగడం వాడినవాళ్లలో 15 మందికి, వాడనివాళ్లలో ఒక్కరికీ లేదు.

హోస్ట్: వాడేవాళ్లు బరువులు కూడా ఎక్కువ ఎత్తుతారు కదా? మందు తప్పా, బరువు తప్పా?

ఫిజియో: మంచి ప్రశ్న. నాకైతే రెండూ కలిసే పని చేస్తాయనిపిస్తుంది. కానీ ఆ బరువు ఎత్తే దమ్ము ఇచ్చిందే మందు కదా.

హోస్ట్: కీళ్లలో వేసే స్టెరాయిడ్ కూడా ఇదేనా? మా పెద్దమ్మకి మోచేతిలో వేశారు.

ఫిజియో: అది కార్టిజోన్ రకం, వాపు తగ్గించేది. పేరు ఒకటే, పని వేరు. టెండన్‌లోనే పదే పదే వేస్తే దానివల్లా టెండన్ బలహీనపడుతుంది, డాక్టర్లు ఆచితూచి వేసేది అందుకే.

హోస్ట్: మన కొండవెలగాడ సంగతి కూడా చెప్పండి.

ఫిజియో: ఇంటింటా లిఫ్టర్లున్న ఊరు. 2014 గ్లాస్గో కామన్‌వెల్త్‌లో 53 కేజీల విభాగంలో ఆ ఊరి లిఫ్టర్ మత్స సంతోషికి ముందు కాంస్యమే వచ్చింది. గెలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరికాకే అది రజతమైంది. ఆ నైజీరియా అమ్మాయి శాంపిల్‌లో దొరికినవి స్టెరాయిడ్లు కావు, మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందులు. వేరే మందుల్ని కప్పిపుచ్చడానికి కూడా వాడతారని వాటిని నిషేధించారు. (నవ్వు) మన కుర్రాళ్లకేమో పక్క ఊరి ఆ కథ కంటే ఇన్‌స్టాగ్రామ్ కండలే ఎక్కువ తెలుసు.

హోస్ట్: మందు లేకుండా టెండన్ గట్టిపడేది ఎలాగ?

ఫిజియో: బరువుతోనే, కానీ నింపాదిగా. మూడు సెకన్లు ఎత్తు, మూడు సెకన్లు దించు. వారానికి మూడు రోజులు, కనీసం పన్నెండు వారాలు. మోకాలి టెండన్ నొప్పికి నేనిచ్చే ప్లాన్ ఇదే. ఇంకో వింత చెప్తాను. అణుబాంబు పరీక్షలప్పుడు గాలిలో పెరిగిన కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్‌ని బట్టి మడమ వెనక టెండన్ వయసు లెక్కగట్టారు. దాని లోపలి భాగం పదిహేడేళ్ల వరకూ తయారై, ఆ తర్వాత దాదాపు మారదని తేలింది.

హోస్ట్: అంటే నా మడమలో ఇంటర్ నాటి సరుకే ఉందా?

ఫిజియో: ఇంటర్‌లో ఏం చేశావు?

హోస్ట్: క్యారమ్స్ ఆడాను.

ఫిజియో: (నవ్వు) రేపు మెట్టు మీద నిలబెట్టి చూస్తాలే.

హోస్ట్: మరి ఆ కుర్రాడు ఇప్పుడెలా ఉన్నాడు?

ఫిజియో: నాలుగో నెల. ఆ చేత్తో రెండున్నర కేజీల డంబెల్ పట్టుకుని నా ముందు మూడు సెకన్లు లెక్కపెడుతున్నాడు. రెండుకే దించేస్తాడు, మళ్లీ మొదలెట్టమంటాను.