పైలట్ కావాలంటే ఏ గుమ్మం తొక్కాలి?

(వాయుసేన దినోత్సవం సందర్భంగా విజయనగరం జిల్లాలోని ఒక జూనియర్ కళాశాలలో చేసిన ప్రసంగం)

ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీదున్న పెద్దలకు, అధ్యాపక మిత్రులకు, పిల్లల్ని వెంటబెట్టుకొని వచ్చిన తల్లిదండ్రులకు, పిల్లలందరికీ నమస్కారం. పిలిచి శాలువా కప్పారు, సంతోషం. వాయుసేన 1932 అక్టోబరు 8న పుట్టింది. ఆ చరిత్ర చెప్పమని నన్ను పిలిచారు. ఇందాక లెక్చరర్ గారు అది చక్కగా చెప్పేశారు కాబట్టి నేను వేరే సంగతి మాట్లాడతాను. ప్రిన్సిపాల్ గారు ఏమీ అనుకోవద్దు.

గేటు దగ్గర ఇద్దరు పిల్లలు నన్ను ఆపి అడిగారు: "సార్, ముందు అగ్నివీర్ వాయులో చేరిపోతే తర్వాత పైలట్ అవ్వొచ్చంట కదా?" అగ్నివీర్ వాయు అంటే వాయుసేనలో నాలుగేళ్ల కొలువు, అధికారి ఉద్యోగం కాదు. ఎవరు చెప్పారురా అంటే కోచింగ్ సెంటర్లో చెప్పారన్నారు. వాయుసేనలో విమానాల మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యి వచ్చిన దగ్గర్నుంచి ఏ కాలేజీకి వెళ్లినా నాకిదే ప్రశ్న ఎదురవుతోంది. "ముందు ఏదో ఒకటి పట్టేయ్, లోపలికెళ్లాక చూసుకోవచ్చు." ఈ మాట ఎంతమంది పిల్లల వయసు తినేసిందో నేను కళ్లారా చూశాను. అందుకే ఈవేళ అదే చెప్తాను.

వాయుసేనలో విమానం నడిపేది అధికారి. పైలట్‌ని బయటి నుంచి నేరుగా ఎంపిక చేస్తారు. ఇంటర్ తర్వాత ఎన్‌డీఏ, అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్ష ఉంది. డిగ్రీ తర్వాత త్రివిధ దళాలకు కలిపి జరిగే సీడీఎస్ పరీక్ష, వాయుసేన సొంతంగా పెట్టే ఏఎఫ్‌క్యాట్ పరీక్ష ఉన్నాయి. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ 'సి' సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. ఏ దారిన వెళ్లినా చివరికి చేరేది మన హైదరాబాద్ పక్కనున్న దుండిగల్ వాయుసేన అకాడమీకే.

ఎయిర్‌మన్‌గా, అంటే అధికారి కాని సిబ్బందిగానో, అగ్నివీర్‌గానో చేరినవాళ్ల లైను వేరు. కార్పొరల్, సార్జెంట్, జూనియర్ వారంట్ ఆఫీసర్, వారంట్ ఆఫీసర్, మాస్టర్ వారంట్ ఆఫీసర్. ఈ మెట్లన్నీ ఎక్కినా పైన కాక్‌పిట్ ఉండదు. ఏళ్ల తరబడి పనిచేసిన సార్జెంట్లలో కొందరికి అధికారి హోదా దక్కుతుంది, అది నిజమే. కానీ ఆ హోదా విమానం నడపని గ్రౌండ్ బ్రాంచుల్లోనే, అది కూడా ముప్పై దాటాక. ఇక్కడి స్టేషన్లో శ్రీకాకుళం వెళ్లాల్సినవాడు, ఖాళీగా ఉంది కదా అని రాయగడ బండి ఎక్కి కిటికీ పక్కన కూర్చుంటే, ఎంత దూరం పోయినా శ్రీకాకుళం రాదు.

లెక్క చూద్దాం. ఏఎఫ్‌క్యాట్‌లో ఫ్లైయింగ్ బ్రాంచికి వయసు 20 నుంచి 24. కమర్షియల్ పైలట్ లైసెన్సు ఉన్నవాళ్లకు మాత్రం 26 దాకా. 19 ఏళ్లకు అగ్నివీర్‌గా చేరిన పిల్లాడికి నాలుగేళ్లు పూర్తయ్యేసరికి 23. చేతిలో మిగిలేది ఒక్క ఏడాది. అప్పటికి 60 శాతం మార్కులతో డిగ్రీ కూడా ఉండాలి. షిఫ్టు డ్యూటీల మధ్య ఆ డిగ్రీ ఎప్పుడు చదువుతాడు? "సేవానిధి వస్తుంది కదండీ, దాంతో ప్రైవేటుగా పైలట్ లైసెన్సు తెచ్చుకుంటాడు" అని ఒక తండ్రి నాతో అన్నారు. నాలుగేళ్లు అయ్యాక అగ్నివీర్ చేతికిచ్చే ఆ సేవానిధి పది లక్షల పైచిలుకు. లైసెన్సుకి 200 గంటలు గాల్లో ఎగరాలి, దాని ఖర్చు ఆ పది లక్షలకు ఎన్నో రెట్లు. పొలం అమ్మితే తప్ప అది తీరేది కాదు.

ఇక్కడ నా స్నేహితుడి సంగతి చెప్పాలి. పేరు చెప్పను, మేమిద్దరం పనిచేసిన స్టేషన్ పేరూ చెప్పను. పలాస వైపు కుర్రాడు, నాతోపాటే ఎయిర్‌మన్‌గా చేరాడు. లెక్కల్లో మా బ్యాచి మొత్తానికి వాడే మొనగాడు. మా ఇద్దరికీ కిరణ్ అనే శిక్షణ జెట్ విమానాల మీద పని. తెల్లవారకముందే లైన్‌కి వెళ్లేవాళ్లం. అందరం వరసగా నిలబడి, తలలు వంచుకొని, విమానాలు నిలిపే టార్మాక్ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేవాళ్లం. చిన్న రాయి, సీల తల, తీగ ముక్క ఏది కనిపించినా ఏరాలి. జెట్ ఇంజను నోట్లోకి గోలీకాయంత రాయి పోయినా చాలు, లోపలి బ్లేడ్లు పాడవుతాయి. ఆ తర్వాత విమానం తనిఖీ. పని అయ్యాక పనిముట్లు లెక్కపెట్టాలి. ఒక్క స్పానర్ తగ్గినా అది దొరికేదాకా విమానం కదలదు.

ఆ తర్వాత పైలట్ శిక్షణలో ఉన్న క్యాడెట్ వచ్చేవాడు. మా వాడి ఈడువాడే. నిచ్చెన ఎక్కి ఆ క్యాడెట్‌కి బెల్టులు బిగించేది మా వాడే. ప్రమాదంలో పైలట్‌ని సీటుతో సహా బయటికి విసిరేసే ఎజెక్షన్ సీటుకి ఎర్ర పట్టీలు కట్టిన సేఫ్టీ పిన్నులుంటాయి. వాటిని తీసి, పైకెత్తి, లోపలివాళ్లకు చూపించాలి. వాళ్లు లెక్క చూసుకొని తలూపాకే మనం దిగాలి. మా వాడు రోజూ ఆ పిన్నులు చూపించి కిందికి దిగి, సెల్యూట్ కొట్టి, విమానం రన్‌వే ఎక్కేదాకా అక్కడే నిలబడేవాడు. ఫారం 700 అని ఒక పుస్తకం ఉంటుంది. విమానం బాగుందని మేం సంతకం పెడతాం, తీసుకుంటున్నానని పైలట్ సంతకం పెడతాడు. "ఏదో ఒకరోజు ఆ రెండో సంతకం నాదవుతుంది బావా" అనేవాడు. మేం చుట్టాలం కాదు, అయినా వాడు నన్ను బావా అనే పిలిచేవాడు.

సాయంత్రం కాలేజీలో చేరి బీఎస్సీ పాసయ్యాడు. మెస్‌లో తిని వచ్చి, బ్యారక్‌లో అందరూ పడుకున్నాక వరండా లైటు కింద చదివాడు. సీడీఎస్ ఫారం నింపాడు. సర్వీసులో ఉన్నవాడు ఫారం నేరుగా పంపకూడదు, పై అధికారుల ద్వారా వెళ్లాలి. ఆ ఫారం ఒక టేబుల్ మీద ఆగిపోయింది. అడిగితే రేపన్నారు, రేపు వెళితే సార్ సెలవన్నారు. వారాలు గడిచాక ఒక పేజీలో ముద్ర లేదని తిప్పి పంపారు. ముద్ర వేయించేసరికి ఆఖరి తేదీ దాటిపోయింది. సరే, మళ్లీసారి రాద్దామనుకున్నాడు. ఈలోగా పోస్టింగ్ వచ్చింది, కొత్త చోట కాగితాలన్నీ మళ్లీ మొదటి నుంచి. కాళ్లరిగేలా తిరిగాడు. వాడు కాగితాల వెంట తిరుగుతుండగానే వయసు దాటిపోయింది. పరీక్ష రాసి ఫెయిలయ్యుంటే వాడంత బాధపడేవాడు కాదు. అసలు రాయనే లేదు! ఇన్నేళ్లయినా ఇది చెప్తుంటే నాకు ఒళ్లు మండిపోతుంది. ఆ టేబుల్ ముందు కూర్చున్న మనిషికి అదొక కాగితం, అంతే. తల్లిదండ్రులారా, మీ పిల్లాడి కలకి గడువు తేదీ ఉంది. దాన్ని ఇంకొకరి టేబుల్ మీద పెట్టనివ్వకండి.

నేను చేసిన పనిని తక్కువ చేస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. ఆ సంతకం పెట్టినంతకాలం నేను గర్వంగానే పెట్టాను. నా చేతి మీదుగా లేచిన విమానం క్షేమంగా దిగితే ఆ రోజు అన్నం రుచిగా ఉండేది. ఎయిర్‌మన్లలోనే ఫ్లైట్ ఇంజనీర్లుంటారు, పెద్ద రవాణా విమానాల్లో పైలట్లతో పాటు ఎగురుతారు. యంత్రం మీద ప్రేమ ఉన్నవాడు ఆ పని కోసమే రావాలి, రెండు చేతులతో ఆహ్వానిస్తాను. ఇంట్లో నాన్నకి ఒంట్లో బాగోలేదు, నెలకి జీతం కావాలి, అందుకని చేరతానన్నా నేను ఒక్క మాట అనను. అగ్నివీర్‌కి మొదటి ఏడాది నెల జీతం 30 వేలలో సేవానిధి కోత పోను చేతికొచ్చేది 21 వేలయినా, అది కూడా లేని ఇళ్లు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. పైలట్ అవుతాననుకొని మాత్రం ఈ గుమ్మం తొక్కొద్దు.

లోపలి నుంచి దారి ఒకటి ఉంది, ఆర్మీలో. రెండేళ్ల సర్వీసు ఉండి, 20 నుంచి 27 ఏళ్ల మధ్య వయసున్న జవాను పరీక్ష రాసి డెహ్రాడూన్‌లోని ఆర్మీ క్యాడెట్ కాలేజీకి వెళ్లొచ్చు. అక్కడ డిగ్రీ చదివి, ఆపైన మిలిటరీ అకాడమీ శిక్షణ పూర్తిచేసి అధికారి అవ్వొచ్చు. ఆర్మీకి సొంత హెలికాప్టర్లున్నాయి. 1986లో ఏర్పడిన ఆర్మీ ఏవియేషన్ కోర్ అది, శిక్షణ నాసిక్‌లో. మిగతా రెజిమెంట్ల యువ అధికారులు తామే ముందుకొచ్చి పరీక్షలు నెగ్గి అందులో చేరతారు. పొడవైన దారి, ఇరుకైన దారి. అయినా తెరిచి ఉన్న దారి.

ఇక్కడ బైపీసీ వాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. అమ్మో, సగం మంది ఉన్నారు. ఫ్లైయింగ్ బ్రాంచికి ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ తప్పనిసరి. ఏఎఫ్‌క్యాట్‌కి ఒక్కోదానిలో కనీసం 50 శాతం రావాలి. ఎన్‌డీఏలో వాయుసేన కావాలంటే మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ మూడూ ఉండాలి. టెన్త్ చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ రాత్రే చెప్పండి. గ్రూపు ఎంచుకునే రోజునే సగం తేలిపోతుంది.

ఎన్‌డీఏ మీరు ఇంటర్ రెండో ఏడాదిలోనే రాయొచ్చు. వయసు పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర. రాకేశ్ శర్మ గారు హైదరాబాద్ నిజాం కాలేజీ నుంచి ఎన్‌డీఏకి వెళ్లినవారే, 1984లో అంతరిక్షం దాకా వెళ్లొచ్చారు. ఆడపిల్లలు అక్కడ ముందు వరసలో కూర్చున్నారు, మీకే చెప్తున్నాను. 2022 నుంచి ఎన్‌డీఏలో మీకూ చోటుంది. 2016 జూన్‌లో అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ మన దుండిగల్‌లోనే దేశపు తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా కవాతు చేసి బయటికొచ్చారు.

డిగ్రీ తర్వాత వెళ్లేవాళ్లు ఏఎఫ్‌క్యాట్ ఫారంలో ముందు ఫ్లైయింగ్ అడగండి, గ్రౌండ్ డ్యూటీ తర్వాత పెట్టండి. ఫ్లైయింగ్ గడువు 24కి ముగుస్తుంది, గ్రౌండ్‌ది 26 దాకా ఉంటుంది. తారుమారు చేస్తే మళ్లీ వెనక్కి రాలేరు. ఇంకో సంగతి. పైలట్‌కి సీపీఎస్ఎస్ అనే కంప్యూటర్ పరీక్ష ఉంటుంది. కళ్లు, చేతులు, కాళ్లు కలిసి పనిచేస్తాయో లేదో చూస్తారు. అది జీవితంలో ఒక్కసారే. తప్పితే పైలట్‌గా మళ్లీ పిలవరు. సరదాగా ఒకసారి వెళ్లొద్దామనుకొని సిద్ధం కాకుండా వెళ్లకండి.

చదువు కాకుండా ఒంటికి కూడా కొలతలున్నాయి. ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లు. కాలి పొడవు 99 నుంచి 120, కూర్చున్నప్పుడు ఎత్తు 81.5 నుంచి 96, తొడ పొడవు 64 దాటకూడదు. కాళ్లు పొట్టిగా ఉంటే రడ్డర్ పెడల్ అందదు. తొడ పొడవైతే ఎజెక్షన్ సీటు పైకి లేచేటప్పుడు మోకాళ్లు ముందున్న ప్యానెల్‌కి కొట్టుకుంటాయి. రంగులు గుర్తుపట్టలేని వాళ్లకూ అవకాశం లేదు, అందుకని ఊళ్లో కంటి డాక్టరు దగ్గర ముందే చూపించుకోండి. ఏళ్ల తరబడి చదివి మెడికల్‌లో వెనక్కొచ్చిన పిల్లల్ని చూశాను. ఆ ఏడుపు చూడలేం.

ప్రిన్సిపాల్ గారు గడియారం చూస్తున్నారు, ఆపేస్తాను. టేపు తెచ్చాను. మీ పీఈటీ సార్ ఆ స్టేజీ పక్క గోడ దగ్గర బల్ల వేయించారు. ఎంపీసీ వాళ్లు ముందు రండి, చెప్పులు విప్పి, వరసగా. తల్లిదండ్రులు కూడా రండి, కొలతలు మీ చేత్తోనే రాసుకోండి.