ఫ్రీ బస్సులో ఏం పని మీద పోతున్నారని అడిగేవాళ్ళకు

నమస్తే అందరికీ. ఈ వీడియో కొంచెం కోపంగానే మొదలుపెడుతున్నా, మాట్లాడుతూ మాట్లాడుతూ చల్లబడితే మంచిదే. విషయమేంటంటే, మొన్న మా క్లాస్ గ్రూప్‌లో ఒకబ్బాయి ఒక రీల్ పంపాడు. ఇట్లాంటివి మీరూ చూసే ఉంటారు. బస్సులో సీటు దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు కొట్లాడుకుంటుంటే ఎవరో ఫోన్‌లో తీశారు, దానికి ఒక కామెడీ మ్యూజిక్, పైన "పనీపాటా లేని తిరుగుళ్ళకే ఫ్రీ బస్సు" అని పెద్ద పెద్ద అక్షరాలు. గ్రూప్‌లో అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. అందులో ఆడపిల్లలూ ఉన్నారు, పొద్దున్నే అదే ఫ్రీ బస్సు దిగి క్లాసుకు వచ్చినవాళ్ళు. నేనేమీ పెట్టలేదు. నాకు చెప్పాలనిపించింది రెండు లైన్లలో అయిపోయేది కాదు.

కొత్తగా చూస్తున్నవాళ్ళకు నా సంగతి: మాది పరకాల దిక్కు ఒక ఊరు, హనుమకొండలో బీఏ ఎకనామిక్స్ ఫైనలియర్. హాస్టల్ లేదు, రోజూ బస్సే. గుడెప్పాడ్ క్రాస్ దగ్గర ములుగు రోడ్డు ఎక్కి అట్లా హనుమకొండ బస్టాండ్. సీటు దొరికిన రోజు చదువుకుంటా, దొరకని రోజు రాడ్ పట్టుకుని జనం మాటలు వింటా. రెండోదే ఎక్కువ జరుగుతుంది.

బయటి రాష్ట్రాల వాళ్ళు కూడా మన ఛానల్ చూస్తున్నారు కాబట్టి స్కీమ్ గురించి కొంచెం చెప్తా. పేరు మహాలక్ష్మి, 2023 డిసెంబర్ 9న మొదలైంది. తెలంగాణ అడ్రస్ ఉన్న ఆధార్ లాంటి కార్డు చూపిస్తే చాలు, ఆడవాళ్ళు ఏ వయసు వాళ్ళైనా, ట్రాన్స్‌జెండర్లు కూడా, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రం లోపల ఎంత దూరమైనా పైసలు లేకుండా పోవచ్చు. డీలక్స్, సూపర్ లగ్జరీ ఎక్కితే కట్టాల్సిందే. మనకంటే ముందు ఢిల్లీ, తమిళనాడు, కర్ణాటకలో వచ్చింది, 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రలోనూ ఉంది. ఇంకోటి, ఇది చాలామందికి తెలియదు, ఫ్రీ అయినా టికెట్ తీసుకోవాలి. కండక్టర్ మిషన్‌లో జీరో టికెట్ కొట్టి ఇస్తారు, ఆ టికెట్ల లెక్క మీదే ప్రభుత్వం ఆర్టీసీకి పైసలు కడుతుంది. అందుకే కండక్టర్లు "అమ్మా, టికెట్ తీసుకోండమ్మా" అని గొంతు పోయేదాకా అరుస్తారు. "ఫ్రీయే కదా, మళ్ళీ టికెట్ ఏంది" అని మన అవ్వలు వాళ్ళతో వాదిస్తారు. రోజూ ఉండేదే.

ఇప్పుడు అసలు సంగతి. పనీపాటా లేకుండా తిరుగుతున్నారు అంటున్నారు కదా. నిజమే, కొందరు అట్లానే తిరుగుతున్నారు. నేను కళ్ళారా చూశా.

ఒకరోజు పొద్దున మొదటి రెండు క్లాసులు లేవు, కాబట్టి లేటుగా బయలుదేరా. పక్క సీట్లో ఒక అవ్వ కూర్చుంది. కండక్టర్ రాగానే నడుముకు దోపిన చిన్న సంచి తీసి, దాంట్లోంచి ఒక ప్లాస్టిక్ కవర్, ఆ కవర్‌కు రెండు వరుసల రబ్బరు బ్యాండ్, ఆ బ్యాండ్ తీస్తే లోపల పొదుపు సంఘం బుక్కు, రేషన్ కార్డు జిరాక్స్, వాటి మధ్యలో ఆధార్. లామినేషన్ చేసిన చోట నీళ్ళు పోయి ఫొటో సగం తెల్లబడింది. కండక్టర్ దాన్ని కిటికీ వెలుగుకు పెట్టి ఒకసారి కార్డు, ఒకసారి అవ్వ మొఖం చూస్తున్నాడు. అవ్వ ఏమాత్రం తడుముకోకుండా, "నేనే బిడ్డా, అప్పుడు నోట్ల పండ్లుండె" అంది. బస్సులో ముందు సగం నవ్వింది, కండక్టర్ కూడా నవ్వుకుంటూ టికెట్ కొట్టాడు.

మాట కలిసింది కదా అని అడిగా, "ఎంజీఎంకా అవ్వా?" అని. మా రూట్‌లో అంత వయసు వాళ్ళు ఒంటరిగా కనబడితే దవాఖానకే అనుకుంటాం.

"దవాఖానకెందుకు, మంచిగనే ఉన్న. వెయ్యి స్తంభాల గుడి కాడ జర సేపు కూసుంట. చాయ తాగి మల్ల బస్సెక్కుత."

"ఏమన్నా మొక్కు ఉందా?"

"మొక్కేంది? ఇంట్ల కూసుంటె తోస్తలేదు."

అంతే. నేను ఇంకేదో ఉంటుందని ఎదురుచూశా, ఇంకేమీ లేదు. తర్వాత ఆమె తన లెక్క తనే చెప్పుకొచ్చింది: బిడ్డ కాన్పుకు హనుమకొండ వచ్చిందట, భర్తకు బాగలేనప్పుడు వచ్చిందట, చుట్టాలలో ఎవరో పోయినప్పుడు వచ్చిందట. ఊరు ఇంత దగ్గర పెట్టుకుని, ఆ గుడి 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించిన నాటి నుంచి అక్కడే ఉంటే, ఆమె దాని మెట్ల మీద తీరిగ్గా కూర్చున్నది ఈ రెండేళ్ళలోనే. ఎవరికో బాగలేకపోతేనో, ఎవరో పోతేనో తప్ప పట్నం రాని మనిషి ఇప్పుడు చాయ్ తాగడానికి వస్తోంది. దీన్ని చూసి నవ్వాలా?

మా ఊరి చౌరస్తాలో చాయ్ హోటల్ ఉంది. పొద్దున ఆరింటి నుంచి మగవాళ్ళు కూర్చుంటారు, పేపర్ చదువుతారు, ప్రభుత్వాలను పడగొడతారు, మళ్ళీ నిలబెడతారు. "ఏం పని మీద వచ్చినవే" అని అక్కడ ఎవరూ ఎవరినీ అడగగా నేను వినలేదు. బండి తీసి "అట్లా పరకాల దాకా పోయొస్త" అంటే ఇంట్లో అంతకుమించి అడిగేది లేదు. ఆ "అట్లా"కు పెట్రోల్ పోస్తారు కూడా.

ఇంకా దగ్గరి సంగతి చెప్తా, మా ఇంటిది. అమ్మ పర్మిషన్ తీసుకునే చెప్తున్నా. అమ్మ తల్లిగారిల్లు నర్సంపేట దిక్కు. చిన్నప్పటి నుంచి నేను చూసింది ఏంటంటే, అమ్మ అక్కడికి పోవాలంటే బాపును పైసలు అడగాలి. మా బాపు చెడ్డోడేం కాదు, కొట్టడం తిట్టడం ఏమీ లేదు, అడిగితే ఇస్తాడు. కానీ అడిగినప్పుడు ఎందుకు అని ఒక ప్రశ్న వస్తుంది, మొన్ననే కదా పోయినవ్ అని ఇంకోటి వస్తుంది, పత్తి ఏరుడు అయినంక పోరాదు అని సలహా వస్తుంది, ఈ మూడు దాటేసరికి అమ్మకే విసుగొచ్చి "పోనీలే, దసరాకు పోత" అనేది. అమ్మకు సంపాదన లేదా అంటే ఉంది. పత్తి సీజన్‌లో కిలోల లెక్కన కూలికి ఏరుతుంది, నాట్లకు పోతుంది. ఆ పైసలు సంఘం కిస్తీకి, కిరాణా కొట్టుకు, మా ఫీజులకు ముందే రాసిపెట్టినట్టు ఉంటాయి. అందులోంచి బస్సు చార్జీ తీసుకోవడానికి ఆమెకు చెయ్యి రాదు.

2024 ఫిబ్రవరిలో మేడారం జాతర వచ్చింది, స్కీమ్ వచ్చి రెండు నెలలు దాటింది అప్పటికి. ప్రతిసారీ ట్రాక్టరో డీసీఎమ్మో మాట్లాడుకుని ఇల్లిల్లూ కలిసి పోయేవాళ్ళం, ఎప్పుడు బయలుదేరాలి, ఎప్పుడు తిరిగి రావాలి అన్నీ మగవాళ్ళే ఖాయం చేసేవాళ్ళు. ఆసారి అమ్మ, ఇద్దరు పిన్నమ్మలు, వాళ్ళంతట వాళ్ళు బస్సులో పోయి బంగారం, అదే బెల్లం, మొక్కు చెల్లించి వచ్చారు. వచ్చాక రెండు రోజులు అమ్మ అదే చెప్పుకుంది. జాతర గురించి తక్కువ, ముగ్గురూ బస్సులో ఏం మాట్లాడుకున్నారో ఎక్కువ.

ఇప్పుడు అమ్మ అడగదు, చెప్తుంది. "రేపు అమ్మ కాడికి పోతున్న, కూర వండి పెట్టిన" అని. బాపు "ఊఁ" అంటాడు. వండిన కూర అయిపోతే కోడిగుడ్డు పొరటు చేసుకుంటాడు, నిజం చెప్పాలంటే అమ్మ కన్నా బాగా చేస్తున్నాడు ఇప్పుడు. మా ఇంట్లో దీనికోసం ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు, గొడవ పడలేదు. చార్జీ అడగాల్సిన అవసరం పోయింది, దాంతో పాటు ఆ మూడు ప్రశ్నలూ పోయాయి.

ఆ చార్జీ ఎంత ఉంటుంది అసలు? 2025 జులైలో జీరో టికెట్లు 200 కోట్లు దాటాయని ప్రభుత్వం సంబరాలు చేసింది, వాటి విలువ సుమారు 6,680 కోట్లు అని చెప్పింది. ఎకనామిక్స్ స్టూడెంట్‌ని కదా, భాగించి చూశా. ఒక్కో ప్రయాణానికి 33 రూపాయల చిల్లర. ఇన్నేళ్ళు మా అమ్మను దసరా దాకా ఆపింది ఇంచుమించు అంతే.

మా సిలబస్‌లో ఏముంటుందంటే, ధర సున్నా అయితే జనం అవసరానికి మించి వాడతారు అని. పరీక్షలో వస్తే నేనూ అదే రాస్తా, గ్రాఫ్ గీసి మరీ. కానీ అవసరానికి మించి అనాలంటే అసలు అవసరం ఎంతో ముందు తేలాలి కదా. చార్జీలు ఉన్నప్పుడు అవ్వ ఎన్నిసార్లు వచ్చిందో అదే ఆమె అవసరం అని లెక్క కట్టేస్తే, ఇప్పటి ప్రయాణాలన్నీ దండగే అవుతాయి. ఆ లెక్క ఎవరు కట్టారో గానీ అవ్వను మాత్రం అడగలేదు.

నా సంగతికి వస్తే, ఫస్టియర్ కొత్తలో పాస్ మీద తిరిగేదాన్ని. సాయంత్రం ఆరు దాటిన బస్సులో ఆడవాళ్ళు పట్టుమని పదిమంది ఉండేవాళ్ళు కాదు. ఎక్కిన దగ్గర నుంచి అమ్మ ఫోన్, ఎక్కడున్నవ్, ఎంతమంది ఉన్నరు అని ఒకటే టెన్షన్. అందుకే లైబ్రరీలో కూర్చోవాలని ఉన్నా నాలుగున్నర బస్సు పట్టుకునేదాన్ని. ఇప్పుడు అదే ఆరున్నర బస్సు నిండా వాళ్ళే. హనుమకొండ చౌరస్తా బట్టల షాపుల్లో పనిచేసే అక్కలు, ప్రైవేటు హాస్పిటళ్ళలో ఆయాలు, కూరగాయలు అమ్మేసి ఖాళీ గంపలతో వచ్చేవాళ్ళు. రెండు రోజులు కనబడకపోతే "జ్వరమొచ్చిందా ఏంది" అని అడుగుతారు. నేను ఇప్పుడు ఆరింటి దాకా లైబ్రరీలో గ్రూప్స్ పుస్తకాలు చదువుతున్నా అంటే ఆ గుంపు వల్లే. రీల్‌లో జోకులేసేది కూడా ఈ గుంపు మీదే, గమనించండి.

సరే, అవతలి పక్కన ఏమీ లేదా అంటే ఉంది. మా పెద్దమ్మ కొడుకు ఊరికీ గుడెప్పాడ్‌కీ మధ్య ఆటో నడుపుతాడు, ఫైనాన్స్ మీద తీసుకున్నాడు. అంగడికి పోయే ఆడవాళ్ళే ఆయన బేరం. ఆ బేరం సగానికి పైగా పోయింది. ఎన్నికల ముందు ఆటో డ్రైవర్లకు ఏడాదికి 12 వేలు ఇస్తామన్న హామీ నిలబెట్టుకోవాలని యూనియన్లు ధర్నాలు చేశాయి, మా అన్న కూడా ధర్నాకు పోయాడు. "మీ ఫ్రీకి కిస్తీలు నేను కడుతున్న" అంటాడు నాతో. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఆయన చెప్పింది నిజం కాబట్టి. రద్దీ సంగతి కూడా అంతే, యాభై మంది పట్టే బస్సులో వందమంది ఎక్కితే సీటు దగ్గర కొట్లాట కాకుండా ముచ్చట్లు జరుగుతాయా? మగవాళ్ళు ఎక్కినా అదే జరుగుతుంది. అడగాల్సింది బస్సులు పెంచమని. ముఖ్యంగా పొద్దున కాలేజీ టైముకు, సాయంత్రం ఆరు తర్వాత.

ఇక మా తమ్ముడు. వరంగల్‌లో పాలిటెక్నిక్. నెలనెలా పాస్ పైసలు కట్టి, నిలబడి వస్తాడు, ఇంటికొచ్చి నా మీద పడతాడు. "మనిద్దరం ఒకే ఇంట్లోనే పుట్టినం కదా, నాకెందుకు ఫ్రీ లేదు" అని. పేదింటి మగపిల్లలకు కూడా పాస్ ఫ్రీ చేయాలి అనే నేనూ అంటా, కావాలంటే కామెంట్లలో వాడి తరఫున మీరూ అడగండి. అది వచ్చేదాకా మా మధ్య ఒక ఒప్పందం: నాకు మిగిలిన పాస్ పైసలతో వాడి పాస్ నేను తీస్తా, ఆదివారం గిన్నెలు వాడు తోమాలి. ఈ వీడియో తీస్తున్నది వాడే. మధ్యలో కెమెరా ఊగింది చూశారా, గిన్నెల మాట రాగానే.