మా బ్యాండు పాత టేపు, ఈ కొత్త క్యాసెట్ ప్లేయరు

నమస్కారం. ముందే చెప్పేస్తాను, ఈ క్యాసెట్ ప్లేయరు నేను కొన్నది కాదు. రివ్యూ కోసం కంపెనీ వాళ్ళు తిరుపతికి పంపారు, నెల తరవాత వెనక్కి ఇవ్వాలి. పేరు కనపడకుండా దాని మీద కాగితం అతికించాను, ఎందుకంటే కాసేపట్లో తిట్టబోతున్నాను. బరువు, బ్యాటరీలు, తీగ పొడవు ఇవన్నీ మీరు ఇప్పటికే చూసి ఉంటారు. నాకు వాటితో పని లేదు. నాకు కావలసిందల్లా ఇదిగో, ఈ ఒక్క టేపు వినిపించడం.

1996లో కొర్లగుంటలో, ఒక మిద్దె మీది గదిలో మేము రికార్డు చేసిన టేపు ఇది. మేము అంటే నలుగురం. ఇద్దరికి గిటార్లు, ఒకడికి డ్రమ్స్, నాకు బేస్. మాలో సంగీతం పద్ధతిగా నేర్చుకున్నది ఒక్కడే, అది కూడా మృదంగం. వాడినే డ్రమ్స్ ముందు కూర్చోబెట్టాము. ఆ డ్రమ్స్ కూడా సొంతం కాదు, పెళ్ళిళ్ళకు వాయించే బ్యాండు వాళ్ళ దగ్గర అద్దెకు తెచ్చినవి. తిరుపతిలో ముహూర్తాలు మొదలైతే ఇక మాకు డ్రమ్స్ దొరకవు. ఊళ్ళో అందరూ మూఢం ఎప్పుడు పోతుందా అని చూస్తుంటే, మేము ఎప్పుడు వస్తుందా అని పంచాంగం తిరగేసేవాళ్ళం. నా బేస్ గిటారును మద్రాసు మౌంట్ రోడ్డులో కొని, సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను. రేణిగుంటలో ఒక పెద్దాయన అది వీణా అని అడిగారు. అవునన్నాను.

రికార్డింగు సంగతికి వస్తాను. మా గిటారిస్టు మేనమామ సింగపూర్ నుంచి సెలవుకు వస్తూ నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డరు, అంటే టేపు మీద నాలుగు వేరువేరు చారల్లో విడివిడిగా శబ్దం ఎక్కించేది, తెచ్చారు. టాస్కామ్ కంపెనీ 1979లో పోర్టాస్టూడియో పేరుతో మొదటిసారి తెచ్చిన రకం అది. మామూలు క్యాసెట్లో ఈ వైపు రెండు ట్రాకులు, తిప్పితే ఆ వైపు రెండు. ఈ రికార్డరు ఆ నాలుగింటినీ ఒకే దిశలో వాడుకుంటుంది. పైగా టేపును మామూలు వేగానికి రెట్టింపుగా, సెకనుకు 9.5 సెంటీమీటర్ల చొప్పున లాగుతుంది. అంటే 60 నిమిషాల టేపు కొంటే మాకు దక్కేది 15 నిమిషాలే. బీటిల్స్ 1963 ఫిబ్రవరి 11న, రెండే ట్రాకుల మీద, ఒక్క రోజులో పది పాటలు రికార్డు చేశారు. మాకు ఒక్క పాటకు మూడు ఆదివారాలు పట్టింది. అందులో ఒకటి కరెంటు కోతకు పోయింది.

తరవాత మామయ్య రికార్డరుతో సహా సింగపూర్ వెళ్ళిపోయారు. టేపును ఇంట్లో టేప్‌రికార్డరులో పెడితే డ్రమ్స్ నిద్రలో నడుస్తున్నట్టు, గిటారు గేదె అరిచినట్టు వినిపించింది. తిప్పి పెడితే అర్థం కాని భాషలో ఎవరో గొణుగుతున్నారు. టేపు పాడైపోయిందనుకున్నాము. పాట పాడినవాడు ఆ వారమంతా మాతో మాట్లాడలేదు. టేపు మా బీరువాలో అమ్మ చీరల కిందికి చేరింది.

అది పాడవలేదని నాకు చాలా ఏళ్ళ తరవాత తెలిసింది. మామూలు ప్లేయరు ఆ నాలుగు ట్రాకుల్లో రెండింటిని సగం వేగంతోనూ, మిగతా రెండింటిని సగం వేగంతో వెనక నుంచి ముందుకూ వినిపిస్తుంది. అంతే. అయిదేళ్ళ క్రితం ఇలాంటి ప్లేయరే మరొకటి డబ్బు పెట్టి కొన్నాను. పెట్టె మీద స్టీరియో అని రాసి ఉంది. తీరా చూస్తే ఎడమ, కుడి రెంటిలోనూ ఒకటే శబ్దం. నాకు కావలసింది విడదీయడం, అది కలిపేసేది.

ఇది నిజంగా విడదీస్తుంది. ఈ ప్లేయరులో నేను మెచ్చుకునేది ఇదొక్కటే, కానీ ఎంతైనా మెచ్చుకుంటాను. ఒక వైపు కంప్యూటరులోకి ఎక్కించి వేగం రెట్టింపు చేశాను. ఎడమ వైపు డ్రమ్స్, నా బేస్. కుడి వైపు గిటారు. టేపు తిప్పి రెండో వైపు ఎక్కించి, దాన్ని తిరగేసి, వేగం పెంచాను. రెండో గిటారు వచ్చింది. దాని పక్కన, ముప్పై ఏళ్ళకు దగ్గర పడ్డాక, మావాడి గొంతు. అప్పుడు వాడికి ఇరవై ఏళ్ళు.

తిరుమలలో రాగిరేకుల మీద దొరికిన అన్నమయ్య పాటలకు సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. మా టేపులో అంతా తారుమారు. బాణీ నిక్షేపంగా ఉంది, మాటలే అర్థం కావడం లేదు. రెండో చరణంలో ఏమి పాడాడో వాడికే గుర్తు లేదు. పోలిక చాలా పెద్దది, తెలుసు. తిరుపతివాణ్ణి, నోటికి అదే వచ్చింది.

ఇప్పుడు తిట్లు. దీనితో ఇచ్చిన సాఫ్ట్‌వేర్ నిశ్శబ్దం వినిపించగానే పాట అయిపోయిందనుకుని ఫైలును తెంపేస్తుంది. ఆ ఏర్పాటును ఆపే మీట ఎక్కడా లేదు. రెండు రాత్రులు వెతికాను. మా పాట మధ్యలో నాలుగు సెకన్ల ఖాళీ ఉంది. మా డ్రమ్మరు చేతిలోంచి పుల్ల జారి మంచం కిందికి దొర్లింది. వాడు వంగి తీసుకుని వచ్చేదాకా నేను ఆగాను. చివరి దాకా తప్పు లేకుండా వచ్చింది ఆ ఒక్కసారే, పైగా ఇంటివాళ్ళు దీపాలు పెట్టే వేళకు ఆపేయమన్నారు. అందుకని అలాగే ఉంచేశాము. తరవాత ఎక్కడ వాయించినా అక్కడ నాలుగు సెకన్లు ఆగేవాళ్ళం. జనం అది మా ప్రతిభ అనుకున్నారు. సగం వేగంలో ఆ ఖాళీ ఎనిమిది సెకన్లు. సాఫ్ట్‌వేర్ ఊరుకుంటుందా? రెండో వైపు ఇంకా ఘోరం. అక్కడ గిటారు పల్లవికే వస్తుంది కనుక, మావాడి గొంతును పదకొండు ముక్కలు చేసి పెట్టింది. దాన్ని కంప్యూటరులోంచి తీసేసి, ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో మళ్ళీ మొదటి నుంచి ఎక్కించాను. రెండు వైపులా మోటారు ఒకే వేగంతో నడవదు కాబట్టి, కొంచెం కొంచెంగా జరిపి కలపడానికి ఇంకో రాత్రి పట్టింది.

మీ దగ్గర ఉన్నవి పాత సినిమా క్యాసెట్లయితే ఇది కొనకండి, ఆ పాటలన్నీ ఫోనులోనే శుభ్రంగా దొరుకుతాయి. ఇంట్లో ఎవరి గొంతైనా టేపులో ఉండిపోయి ఉంటే మాత్రం కొనండి, సాఫ్ట్‌వేర్ జోలికి పోకండి. నేను వెనక్కి ఇవ్వడం లేదు. నిన్ననే వాళ్ళకు డబ్బు కట్టేశాను.

ఇప్పుడు పాట వేస్తున్నాను. రెండో చరణం అయ్యాక శబ్దం ఆగిపోతుంది. వీడియో ఆగిందనుకుని ముందుకు జరపకండి, వాడు మంచం కింద పుల్ల వెతుకుతున్నాడు.